వేలిముద్రల కచేరీ

మా తాలూకాలో అందరికీ పేరు తెలిసిన మొదటి తహసీల్దారు జైలుకెళ్ళాడు. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న. మేనమామలు అక్కన్న, మాదన్న గోల్కొండలో చక్రం తిప్పుతున్న కాలంలో, తానీషా ఏలుబడిలో, పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చాడు. గోల్కొండ ఖజానాకు చేరాల్సిన శిస్తు సొమ్ము భద్రగిరి మీద గుడిగా లేచింది. పన్నెండేళ్ళు ఖైదులో మగ్గాడంటారు. లోకానికి ఆయన రామదాసు. మా నాన్నకు మాత్రం ‘జమాఖర్చు ఒప్పజెప్పని తహసీల్దారు’. ఏటా శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషే ఆ మాట అనేవాడు. కచేరీ అరుగు మీద అర్జీలు రాసి సంసారం ఈదినవాడికి భక్తి వేరు, దస్త్రం వేరు.

నాన్న సర్కారు ఉద్యోగి కాదు, అర్జీల పంతులు. భద్రాచలం తాలూకా కచేరీకి పనిబడి వచ్చిన కోయవాళ్ళకూ, కొండరెడ్లకూ, మాలాగా పైనుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళకూ కావలసింది రాసిపెట్టడం ఆయన పని. మా ముత్తాత దుమ్ముగూడెం పనుల్లో లెక్కలు రాయడానికి రాజమండ్రి నుంచి పడవెక్కి వచ్చాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. కాటన్ దొర గోదావరిని సముద్రం నుంచి మధ్య దేశం దాకా పడవలదారి చెయ్యాలని తలపెట్టినప్పుడు, దారిలో మూడు చోట్ల రాతిబండలు అడ్డం వచ్చాయి. వాటిలో మొదటిది దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట కట్టారు, లాకులు కట్టారు, 1871లో పనులు ఆపేశారు. అప్పటికే దేశంలో రైళ్ళు పరుగెడుతున్నాయి, ఏటిదారి మీద డబ్బు పోసే ఓపిక ఎవరికీ లేకపోయింది. పని ఆగినా, వచ్చినవాళ్ళందరూ తిరిగి వెళ్ళలేదు. చర్చి మిషనరీ సొసైటీ వాళ్ళు దుమ్ముగూడెంలోనే ఉండిపోయి కోయల మధ్య బడులు పెట్టారు. వాళ్ళలో జాన్ కెయిన్ అనే పాదిరీ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో వరసగా రాశాడు. కోయల కట్టుబాట్లు, పండగలు, పెళ్ళిళ్ళు ఆ వ్యాసాల్లో వివరంగా అచ్చులోకి ఎక్కాయి. మా ముత్తాతలాంటి వాళ్ళు మాత్రం ఏమీ రాయలేదు. లెక్కలు తప్ప.

అసలు ఈ తాలూకా కంపెనీ తర్వాతి సర్కారు చేతిలో పడిందే ఆ పడవలదారి మూలంగా. 1860 ఒప్పందంలో నిజాం గోదావరి ఎడమగట్టు ఊళ్ళను ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేసి, బదులుగా రాయచూరు అంతర్వేదిని, ధారాశివ్‌ను వెనక్కి తీసుకున్నాడు. ఇచ్చింది అడవి, తెచ్చుకున్నది సాగునేల. బేరం ఎవరికి గిట్టిందో వేరే చెప్పక్కర్లేదు. అప్పటినుంచి ఏరే సరిహద్దు అయింది. ఇవతల రాముడు, అవతల నిజాం. రాముడి కల్యాణానికి ముత్యాలు మాత్రం హైదరాబాదు నుంచే వచ్చేవి.

ఎడమగట్టుకు మొదట ‘ఎగువ గోదావరి జిల్లా’ అని పేరు పెట్టి సిరోంచ ముఖ్యపట్టణంగా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. సిరోంచ ఎక్కడ, భద్రాచలం ఎక్కడ! 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను తెచ్చి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు అంటగట్టారు. 1909లో నూగూరు, ఆల్బాక, చర్ల కూడా అదే దారిన వచ్చాయి. 1925లో పశ్చిమగోదావరి జిల్లా వేరుగా ఏర్పడి, మా గోదావరి జిల్లా పేరు తూర్పుగోదావరి అయింది. అవతలి ఒడ్డున 1953 అక్టోబరు 1న వరంగల్లులోంచి ఖమ్మం జిల్లా విడిపోయింది, 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు దానిలో కలిశాయి. మా ఇంట్లో నేను తూర్పుగోదావరి జిల్లాలో పుట్టాను. మా చెల్లెలు అదే గదిలో, అదే నులకమంచం మీద, ఖమ్మం జిల్లాలో పుట్టింది. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, వాటితోపాటు భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లోని చాలా ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. రామయ్య తెలంగాణలో ఉన్నాడు, ఆయన మాన్యాలున్న పురుషోత్తపట్నం ఆంధ్రలో ఉంది. 2016లో మేము భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయ్యాం. 2022లో చింతూరు వాళ్ళకు పాడేరు జిల్లా కేంద్రమైంది. మ్యాపు ముందు పెట్టుకుని ఒకసారి చూడండి, చింతూరు నుంచి పాడేరు దాకా వేలు జరుపుకుంటూ పోవాలి.

ఈ జాబితా అంతా ఎందుకంటే, మా వైపు న్యాయం ఎప్పుడూ దూరాభారం సంగతే. కోర్టులో ఏ చట్టం నడిచిందన్నది తర్వాతి మాట. అది ఎన్ని రోజుల నడకలో ఉందన్నదే తీర్పును సగం రాసేసేది.

దీనికి నేను చెప్పే రుజువు 1879 రంప ఫితూరీ. దాన్ని ముఠాదారుల తిరుగుబాటనీ, కల్లు పన్ను మీద తిరుగుబాటనీ బడి పుస్తకాల్లో చదువుకున్నాం. అవన్నీ నిజమే. వాటితోపాటు ఇంకొకటి ఉంది, సర్కారు తన విచారణలో తానే ఒప్పుకున్నది. మైదానం వ్యాపారులు కొండవాళ్ళకు చిన్న చిన్న అప్పులిచ్చి, కాగితాలు రాయించుకుని, కింద కోర్టుల్లో దావాలు వేసేవాళ్ళు. సమను కొండెక్కేది కాదు. ఎక్కినా చదివేవాడు లేడు. చదివి చెప్పినా జ్వరాల అడవి దాటి రాజమండ్రి వెళ్ళడం ఎవరి తరం? ప్రతివాది రాలేదని ఏకపక్షంగా డిక్రీ అయ్యేది. ఆ డిక్రీ పట్టుకుని జప్తువాళ్ళు వచ్చి గొడ్లనూ గింజలనూ తోలుకుపోయేవాళ్ళు. చేసిన అప్పుకు, పోయిన సొత్తుకు పొంతనే ఉండేది కాదు.

మా రేకపల్లి వైపు గోడు ఇంకొకటి. సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉన్నన్నాళ్ళు పోడుకు గొడ్డలికి నాలుగణాలు కడితే సరి, ఎంత నరుక్కున్నా అడిగేవాడు లేడు. మద్రాసు ఏలుబడి వచ్చాక అది ఇంచుమించు మూడింతలైంది, కొన్ని అడవుల్లోకి అసలు అడుగే పెట్టనివ్వలేదు. అందుకే రంపలో రాజుకున్నది రేకపల్లికి పాకింది. జిల్లా మారితే కోయవాడికేం తేడా అని అడిగేవాళ్ళకు ఇదీ జవాబు. తేడా గొడ్డలి మీద పడింది.

మా మన్యానికి మైదానం చట్టాలన్నీ ఉన్నవున్నట్టు వర్తించకుండా చేసే ఏర్పాటు 1874 షెడ్యూల్డ్ జిల్లాల చట్టంతోనే మొదలైంది. ఫితూరీ తర్వాత అది గట్టిపడింది. జిల్లా కలెక్టరే ఏజెన్సీకి ‘ఏజెంటు’. ఆయన కింద అసిస్టెంటు ఏజెంటు, ఆ కింద తహసీల్దారు, డిప్యూటీ తహసీల్దారు. శిస్తు వసూలు చేసేవాడే సివిలు దావా వినేవాడు, తగవు తీర్చేవాడు, దొంగకు శిక్ష వేసేవాడు. 1924 ఏజెన్సీ నిబంధనలు ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చాయి. ఒక్క మనిషి నెత్తిన ఇన్ని టోపీలు ఉండడం అన్యాయమని చదువుకున్నవాళ్ళు అంటే నాన్న ఒప్పుకునేవాడు కాదు. “టోపీలు ఎన్నుంటేనేం, మనిషి మన దగ్గరికి వస్తున్నాడు కదా” అనేవాడు. ఆ మాటలో సగమే నిజం. వచ్చిన మనిషి మంచివాడైతే పండగ, కాకపోతే పైన చెప్పుకుందామన్నా పైన కూర్చున్నదీ ఆ కచేరీ తాలూకు మనిషే.

ఆ వచ్చే మనిషి క్యాంపు మా తరంతోనే పోయింది. చలికాలం పడి, దారులు ఆరి, దోమ కాస్త తగ్గాక సబ్ కలెక్టరుగారి క్యాంపు కదిలేది. వానల్లో, వానల వెనక వచ్చే చలిజ్వరాల్లో ఎవరూ కదిలేవాళ్ళు కాదు. భద్రాచలం బదిలీ అంటే ఉద్యోగులకు శిక్ష కింద లెక్క, పెళ్ళాంబిడ్డల్ని రాజమండ్రిలోనో కాకినాడలోనో ఉంచి, క్వినైను మాత్రలు కట్టుకుని ఒంటరిగా వచ్చేవాళ్ళు. క్యాంపు వస్తోందంటే ముందు రెండెడ్ల బండ్ల మీద గుడారాలు, బల్లలు, కుర్చీలు, దస్త్రాల పెట్టెలు. ఊరికి ఇన్ని కోళ్ళు, ఇన్ని కుండల నీళ్ళు, ఇంత కట్టె, గుడారం మేకులు కొట్టడానికి ఇంతమంది మనుషులు అని ముందే కబురు. డబ్బులిచ్చే దొరలు ఉండేవాళ్ళు. ఇచ్చిన డబ్బు మధ్యలో ఎవరి చేతుల్లో ఆగిపోయేదో అందరికీ తెలుసు. న్యాయం ఇంటికొస్తే దాని మేత కూడా ఇంటివాళ్ళే చూడాలి.

నన్ను నాన్న చింతూరు వైపు ఒక క్యాంపుకు వెంట తీసుకెళ్ళాడు. ఇప్పచెట్ల తోపులో తెల్లటి గుడారం. ముందు ఒక బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ. పక్కన ఎర్ర డవాలీ వేసుకున్న బంట్రోతు. గుడారానికి కేకవేటు దూరంలో, చెట్ల మొదళ్ళలో, కోయవాళ్ళు గుంపులు గుంపులుగా గొంతుకూర్చుని ఉన్నారు. ఎంతోమంది ఉన్నా చప్పుడు లేదు. ఒక్కొక్కరి పక్కన సొరకాయ బుర్రలో జావ, అడ్డాకుల్లో కట్టుకొచ్చిన తిండి. బంట్రోతు కాగితం చూసి కేక వేశాడు. ముగ్గురు లేచారు. అక్కడ ఇంటిపేర్లంటే మడకం, కుంజా, సోడె, తెల్లం, కారం... వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పేర్లూ అంతే. తండ్రి పేరు పిలిస్తే ఇద్దరు మిగిలారు, ఊరి పేరు పిలిచినా ఆ ఇద్దరే మిగిలారు. చివరికి “గిత్త తగవువాడు ఎవరు?” అని అడిగితే అసలువాడు ముందుకొచ్చాడు. గుమాస్తా ఇంగ్లీషులో అడిగించింది బంట్రోతు కోయభాషలో అడిగాడు. అవతలివాడు పావుగంట చెప్పాడు. బంట్రోతు తెలుగులో రెండు ముక్కలు చెప్పాడు. గుమాస్తా ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాడు. ఆ గిత్త ఎవరిదో ఆ పావుగంటలోనే ఉందని నాన్న తిరుగు దారిలో అన్నాడు.

నాన్న రాత సామాను కూడా చెప్పాలి. వాలుగా మూత ఉన్న చిన్న చెక్క డెస్కు. దానిలో సిరాబుడ్డి, పాళీలు, అద్దకం కాగితం, స్టాంపులు, వేలిముద్రలకు నల్లసిరా దిండు. అరఠావు కాగితాన్ని నిలువునా మూడోవంతు మడత పెట్టి గీటు పడేట్టు రుద్దేవాడు. ఆ గీటుకు ఎడమవైపు ఖాళీ, అధికారుల రాతలకు. కుడివైపు నుంచి ‘మహారాజరాజశ్రీ’తో మొదలు. ఎదుటివాడు కూర్చుని చెప్పడం మొదలుపెట్టేవాడు.

“ఎప్పుడు జరిగింది?”

“ఇప్పపూలు ఏరుకునేప్పుడు, పంతులా.”

“మొదటి పూతా, అడుగు పూతా?”

“అడుగు. పూలు రాల్తానే ఉన్నయి గానీ పలచబడ్డయి.”

నాన్న ‘గతించిన ఏప్రిలు మాసము మొదటి వారమున’ అని రాసేవాడు. భూమి పండగకు ముందు అంటే ఒక నెల, చిక్కుడు పండగ తర్వాత అంటే ఒక నెల, తునికాకు కోతలప్పుడు అంటే ఒక నెల. నేల కొలతా ఇంతే. ‘రెండు కుంచాల విత్తనం పట్టే చెలక’ అని వాళ్ళు చెప్తే నాన్న మనసులో గుణించి ఎకరాల్లోకి దించేవాడు. తూర్పున మద్దిచెట్టు, పడమర వాగు, ఉత్తరాన పాత పుట్ట. హద్దులు ఇలా చెప్పేవాళ్ళు, ఇలాగే రాసేవాడు. విచారణకు తారీఖు పడేసరికి మద్దిచెట్టును ఎవరో కొట్టేసేవాళ్ళు. వాగు కూడా రెండు వానల్లో జరిగేది. అప్పుడు అవతలి పక్షం గుమాస్తా లేచి, హద్దులే తప్పు కాబట్టి అర్జీయే చెల్లదనేవాడు. నాన్నకు ఒళ్ళు మండేది. “అడవిలో చెట్టు నరకడం నేరం, నరికేసిన చెట్టును సాక్ష్యం పెట్టడం మాత్రం తప్పు కాదు వీళ్ళకు” అని ఇంటికొచ్చి అమ్మ మీద అరిచేవాడు.

రాశాక చదివి వినిపించడం నాన్న నియమం. కొందరు అర్జీల పంతుళ్ళు చదివేవాళ్ళు కాదు, వేలు పట్టుకుని ముద్ర వేయించేవాళ్ళు. ఆ వేలిముద్ర కింద ఏం ఉందో, అమ్మకమో అప్పుపత్రమో, చాలామందికి గొడ్లు పోయాకే తెలిసేది. ఒకసారి ఒక ముసలాయనకు నాన్న చదివి వినిపిస్తున్నాడు. ‘దిక్కులేనివాడను, తమ పాదములే దిక్కని నమ్మినవాడను’ అన్న చోట ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“దిక్కులేనోణ్నెట్లయితను? నాకు ఆరుగురు కొడుకులు.”

“అది అలా రాయాలి పెద్దాయనా, పద్ధతి.”

“పద్ధతైతే నువ్వు నీ అర్జీలో రాసుకో పంతులా.”

నాన్న ఆ వాక్యం కొట్టేయలేదు. కొట్టివేతలున్న అర్జీ తిరిగొస్తుందని భయం. కొత్త కాగితం తీసి మొదటినుంచి రాశాడు, ‘పాదములే దిక్కని’ లేకుండా. ఆ అర్జీకి ఏమైందో నాకు గుర్తులేదు. ఆయన కొడుకులు ఆరుగురూ కచేరీ గోడ నీడన వరసగా నిలబడి ఉండడం గుర్తుంది.

ఇంత బాధెందుకని చాలామంది కచేరీ గుమ్మం ఎక్కేవాళ్ళే కాదు. గూడెంలో పటేలు, పూజారి, కులపెద్ద కూర్చుంటే సగం తగవులు అక్కడే తెగేవి. పిల్లను లేవదీసుకుపోవడం, పోడు హద్దు, గొడ్డు చేలో పడడం, తాగి కొట్టుకోవడం. తప్పు తేలినవాడు తప్పు కట్టాలి. మేక, సారా, కొంత సొమ్ము. ఆ మేకను కోసి అందరూ కలిసి తినాలి, తప్పు చేసినవాడూ, తప్పు జరిగినవాడూ అదే బంతిలో. తిన్నాక ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. మా కోర్టుల్లో గెలిచినవాడు ఓడినవాడి ముఖం జన్మలో చూడడు. అక్కడ అదే రాత్రి కలిసి తినాలి.

అయితే అదంతా బంగారం అనుకునేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఊళ్ళో వరసగా జ్వరాలు వస్తే చిల్లంగి పెట్టారని ఒక ముసలిదాన్నో, ఒంటరివాణ్నో పట్టుకున్న పంచాయితీలూ అవే. ఇష్టంలేని పెళ్ళి నుంచి పారిపోయి వచ్చిన పిల్లకు కులపెద్దల దగ్గర చెప్పుకునే నోరు ఉండేది కాదు. అలాంటి ఆడవాళ్ళు ఎవరికీ చెప్పకుండా తెల్లవారుజామున నడిచొచ్చి నాన్న డెస్కు ముందు కూర్చునేవాళ్ళు. వాళ్ళకు ఏరు దాటినా, రెండు రోజులు నడిచినా, కచేరీయే నయం.

ఏరు దాటడం కూడా చిన్న సంగతి కాదు. నిజాం పోయేదాకా అవతల సారపాక ఒడ్డు వేరే రాజ్యం. కరోడ్‌గిరి నాకాలో సామాను విప్పి చూపించాలి. ఇక్కడి కల్దారు రూపాయి అక్కడ చెల్లుతుంది గానీ అక్కడి హాలీ రూపాయిని ఇక్కడ వట్టం లేకుండా తీసుకోరు. నూరు కల్దార్లకు నూట పదహారు పైచిలుకు హాలీ. అక్కడి కచేరీల్లో ఉర్దూ. అక్కడి రెడ్లకూ కోయలకూ ఉర్దూ ఎంత తెలుసో ఇక్కడివాళ్ళకు ఇంగ్లీషు అంత తెలుసు. 1941లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ వచ్చి పాపికొండల రెడ్ల మధ్య ఉండి చూసినప్పుడు, కలప గుత్తేదార్ల అప్పుల్లో వాళ్ళు ఎలా ఇరుక్కున్నారో రాశాడు. దుంగలు కొట్టేది వాళ్ళు, ఏట్లో తెప్పలు కట్టేది వాళ్ళు, ఏటికేడు పెరిగే అప్పూ వాళ్ళదే. పేరంటాలపల్లిలో ఆశ్రమం కట్టుకున్న బాలానంద స్వామి ఆ రెడ్ల పక్షాన నిలబడ్డాడు. నిజాం సర్కారు 1356 ఫసలీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ తెచ్చింది. అది ఊళ్ళకు చేరేలోగానే సాయుధ పోరాటం, పోలీసు చర్య, పాల్వంచ అడవుల్లో మిలిటరీ. దళాలకు అన్నం పెడుతున్నారని కోయగూడేలను ఖాళీ చేయించి, రోడ్డు పక్క క్యాంపుల్లో పడేశారు. క్యాంపు అనే మాట వింటే ఇవతలి ఒడ్డున గుడారం, అవతలి ఒడ్డున ముళ్ళకంచె గుర్తుకొచ్చిన రోజులవి.

1959లో ఖమ్మంలో కలిసినప్పుడు నాన్నకు ముప్పై ఏళ్ళ అనుభవం ఒక్కరోజులో పాతబడింది. జిల్లాకు పోవాలంటే ఇదివరకు లాంచీలో పాపికొండల మధ్య నుంచి రాజమండ్రి దిగేవాళ్ళం. ఇప్పుడు పడవలో సారపాక దాటి, బస్సులో కొత్తగూడెం పోయి, రైలెక్కి, డోర్నకల్లులో మారి ఖమ్మంలో దిగాలి. కొత్తగూడెం స్టేషనుకు ‘భద్రాచలం రోడ్’ అని పేరు. ఆ బోర్డు చూసి భద్రాచలం వచ్చేసిందని దిగిన యాత్రికుడికి ఇంకా నలభై కిలోమీటర్లూ ఒక గోదావరీ మిగిలి ఉండేవి. ఖమ్మం కచేరీలో వాయిదా అంటే ఒకరు నవ్వారట, పేషీ అనాలట. మా కరణం అక్కడ పట్వారీ. నాన్న రెండేళ్ళు మూతి ముడుచుకుని, తర్వాత ఆ మాటలన్నీ నేర్చుకున్నాడు.

1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ గోదావరి వంతెన ప్రారంభించారు. జనం మూడురోజులు తిరునాళ్ళలా వచ్చి వంతెన మీద నడిచారు. వంతెన మీద బస్సులొచ్చాయి, బస్సుల్లో ఖమ్మం వకీళ్ళొచ్చారు, వాళ్ళ వెనక మిరపకూ పొగాకుకూ నేల వెతుక్కుంటూ కృష్ణా గుంటూరుల రైతులొచ్చారు. దూరం పోయింది. దూరంతోపాటు దూరం ఇచ్చిన రక్షణ కూడా పోయింది. అదివరకు జ్వరానికి జడిసి అడుగుపెట్టనివాళ్ళు ఇప్పుడు పొద్దున్న బస్సులో వచ్చి, నేల చూసుకుని, సాయంత్రం బస్సులో పోయేవాళ్ళు.

చట్టం లేక కాదు. కొండజాతుల భూమిని ఏజెంటు అనుమతి లేకుండా ఇతరులకు బదలాయిస్తే చెల్లదని 1917లోనే మద్రాసు చట్టం ఉంది. 1959 రెగ్యులేషన్ దాన్ని తిరగరాసింది, 1963లో అది ఖమ్మం తెలంగాణ ప్రాంతానికీ వచ్చింది. 1970లో దాన్ని సవరించి, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న నేల మొదట గిరిజనుడిదేనని అనుకోవాలని, కాదనేవాడే రుజువు చూపించాలని రాశారు. అదే ‘వన్ ఆఫ్ సెవెంటీ’. మా వైపు చంటిపిల్లవాడికి కూడా ఆ పేరు తెలుసు. అప్పటినుంచి జీతగాళ్ళ పేర్ల మీద, ఉంచుకున్నవాళ్ళ పేర్ల మీద కాగితాలు పుట్టుకొచ్చాయి. నేల ఒకడిది, పేరు ఒకడిది. విచారణకు స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టు వచ్చింది. నాన్న డెస్కు ముందు మళ్ళీ గుంపులు.

అలా వచ్చినవాళ్ళలో ఒకాయనకు చెలక తిరిగి ఇప్పించమని ఉత్తర్వు అయింది. ఆయన దాన్ని మడిచి వెదురుగొట్టంలో పెట్టుకుని, ఆకులతో మూతి బిగించి మా ఇంటికొచ్చాడు.

“పంతులా, కాగితం గెలిచింది. నేలెప్పుడు గెలుస్తది?”

స్వాధీనం ఇప్పించమని నాన్న ఇంకో అర్జీ రాశాడు. అధికారులు వచ్చేసరికి చేలో మిరప కాపు మీద ఉంది. పైరు ఉన్న నేలలోకి దిగలేమన్నారు, కోతలయ్యాక రమ్మన్నారు. కోతలయ్యాక తారీఖు పడేలోగా మళ్ళీ దున్ని నారు పోశాడు అవతలివాడు. రెండో ఏడు నాన్న ఊరుకోలేదు. ఇన్నాళ్ళూ కోయవాళ్ళ నెలల్ని సర్కారు నెలల్లోకి దించినవాడు, ఈసారి భూమి పండగకు ముందు వారం, అడవిపక్క చెలకలన్నీ బోడిగా ఉండే రోజులు చూసి, ఫలానా తేదీన విచ్చేయవలెనని అర్జీలోనే రాసి, గుమాస్తా చుట్టూ తిరిగి ఆ తేదీనే వేయించాడు. ఆ వేసవిలో గొలుసు పట్టారు. ఆ వానకు జొన్న పడింది.

పహాణీలో పేరెక్కించే అర్జీకి ఆ ముసలాయన రాలేదు, కొడుకు వచ్చాడు. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాడు. నాన్న అలవాటు కొద్దీ చదివి వినిపించబోతే, కాగితం తనే తీసుకుని వేలు పెట్టి మెల్లగా చదువుకున్నాడు. ‘దిక్కులేనివాడను’ దగ్గర ఆగి, ఇది తీసెయ్యండి పంతులుగారూ అన్నాడు. నాన్న గొణుక్కుంటూ కొత్త ఠావు తీశాడు. కాగితం ఖర్చు కూడా అతని లెక్కలోనే వేశాడు.